మహమ్మద్ గారికి శాలువా

2004 ఫిబ్రవరి, గుణదలలో మేరీమాత తిరునాళ్ళ రోజులు. నవలా రచయిత మహమ్మద్ తన చిన్న డాబా ఇంట్లో, లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయి ఏడాది దాటింది. ముందు గదిలో ఆయన కూతురు సనోబర్, ఒకప్పుడు కాలేజీలో ఆమెకు తెలుగు చెప్పిన వెంకటకృష్ణారావు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఆయన ఇప్పుడు ఊళ్ళో ఒక సాహిత్య సమితికి కార్యదర్శి. వస్తూనే ఆయన చెప్పిన కబురును ఎలా అందుకోవాలో సనోబర్‌కు తెలియడం లేదు.

"ఇంకోసారి చెప్పండి మాస్టారూ. ఏ పురస్కారం?"

"మా సమితిదేనమ్మా. ఈ ఏడు మీ నాన్నకి. నిన్న కమిటీ తీర్మానం చేసింది. 'మగ్గం గుంటలో నీళ్ళు' నవలకి అని స్పష్టంగా రాయించాను."

"ఆ నూలు వ్యాపారి జక్కయ్య గారి పేరు మీద ఇచ్చేదేనా?"

"పేరు ఆయనదేలే. పోయిన మనిషి పేరు, దానికేముంది. పురస్కారం మాత్రం సాహిత్యానిది."

"ఆ నవల వచ్చి పన్నెండేళ్ళయిందండీ."

"మంచి పుస్తకానికి ఏళ్ళతో పనేముంది? ఆలస్యమైంది, ఒప్పుకుంటాను. ఆలస్యమైనా..."

"మంచినీళ్ళు తాగండి. ఎండన పడి వచ్చారు."

"ఎండ కాదమ్మా, జనం. కొండ కిందికొచ్చేసరికి ఆటోవాడు దించేశాడు. అక్కణ్ణించి నడకే. మీ అమ్మగారేరీ?"

"టీ పెడుతోంది. మాస్టారూ, నాన్న ఆ పుస్తకం మీ సమితికి మొదటిసారి పంపినప్పుడు, అది నవల కాదు, పేపర్ రిపోర్టు అన్నారు. గుర్తుందా?"

"నేననలేదు. కమిటీలో ఎవరో అన్నారు. నేను చేరవేశానంతే."

"ఎవరో."

"ఎవరోనమ్మా. అప్పటివాళ్ళు సగం మంది ఇప్పుడు లేనేలేరు."

"మళ్ళీ పంపినప్పుడు భాష బాలేదన్నారు. తురక తెలుగు అన్నారు. అదీ ఎవరోనా?"

"సనోబర్, నేను శుభవార్త పట్టుకుని వచ్చాను."

"నాన్న పుట్టింది పెడనలో. ఇంటికి అటూ ఇటూ మగ్గాలే. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. ఆ గడప దాటిన తెలుగే రాశారు ఆయన. అది బాలేదంటే ఆ వీధి బాలేదనే కదా?"

"బాగుందనే ఇప్పుడు పురస్కారం ఇస్తున్నాం. ఇప్పుడు బాగుందంటున్నాం కదమ్మా. అది చూడవేం? ఈ గడ్డ మీద కవికి జరిగిన మర్యాద ఇంకెక్కడ జరిగింది చెప్పు. అగ్రహారాలిచ్చారు, కనకాభిషేకాలు చేశారు, కాలికి గండపెండేరం తొడిగారు. రాజే వచ్చి పల్లకీకి భుజం పట్టాడంటారు. మా శాలువా ఏదో చిన్నదే అనుకో, అయినా ఆ వరసలోదే."

"అవన్నీ రాజుని పొగిడినవాళ్ళకి కదా. పొగడనివాళ్ళకి ఏమిచ్చారో మీరు క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు."

"సిలబస్‌లో లేదు."

"టీ తీసుకోండి అన్నయ్యగారూ. మీకని చక్కెర తక్కువే వేశాను."

"రా చెల్లెమ్మా, నజీమమ్మా, కూర్చో. మీ ఆయనకి మా సమితి..."

"విన్నానండీ. వంటింట్లోకి వినబడుతూనే ఉంది."

"సంతోషమేనా మరి?"

"ఆయనకి గంజి పట్టే వేళయింది. మీరు మాట్లాడుకుంటూ ఉండండి."

"అదేమిటమ్మా సనోబర్, మీ అమ్మ అలా లేచిపోయింది?"

"అమ్మీ అంతేనండీ. సంతోషమైనా అంతే, కష్టమైనా అంతే. మాస్టారూ, ఆ రోజు మీ సభలో నాన్న మైకు ముందు ఏమన్నారో..."

"ఇదిగో, నువ్వక్కడికే వస్తావని నాకు తెలుసు."

"రాకుండా ఎలా?"

"నిండు సభ. మొదటి వరసలో జక్కయ్య గారు. హాలు ఆయనది, భోజనాలు ఆయనవి. రెండు మాటలు మాట్లాడమని పిలిస్తే, 'తుపానుకి మగ్గం గుంటలన్నీ నీళ్ళతో నిండి నేతగాళ్ళు పస్తులుంటే, గోడౌన్లో నూలు దాచి రేటు పెంచినవాడు ఇదిగో ఇక్కడే కూర్చున్నాడు' అనొచ్చా? అతిథిగా వచ్చిన మనిషి అనే మాటేనా అది?"

"అబద్ధమా?"

"అబద్ధమని నేనన్నానా? సందర్భం అని ఒకటుంటుంది."

"ఆ సందర్భం మళ్ళీ రానివ్వలేదు మీరు. ఆ రోజు నుంచి నాన్నకి ఒక్క సభ నుంచి పిలుపు లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో కథా సదస్సు పెట్టి ఊళ్ళో ఉన్న రచయితలందర్నీ పిలిచారు. నాన్న ఇబ్రహీంపట్నంలో డ్యూటీ దిగి నేరుగా అక్కడికొచ్చారు, పిలుపు పోస్టులో ఎక్కడో ఆగిపోయి ఉంటుందని. థర్మల్ స్టేషన్ బూడిద ఇంకా చొక్కా మీదే ఉంది. గుమ్మం దగ్గర ఆపింది మీరే."

"ఆపలేదు. హాలు నిండిపోయిందన్నాను."

"నిండిందా?"

"ఇప్పుడెలా గుర్తుంటుందమ్మా?"

"నాకు గుర్తుంది. నేనూ అక్కడికొచ్చాను, నాన్న వెనకే ఉన్నాను. వెనక రెండు వరసలూ ఖాళీ."

"టీ బాగుంది. ఏలక్కాయ వేసినట్టుంది."

"ఈ ఏడే ఎందుకిస్తున్నారు మాస్టారూ?"

"కమిటీలోకి కొత్తవాళ్ళొచ్చారు. పైగా ఇంతవరకూ ఒక్క ముస్లిం రచయితకీ ఇవ్వలేదని ఎవరో పేపర్లో రాశారు. అదీ ఒక కారణం."

"ఇంకోటి?"

"ఇంకోటంటూ ఏముంటుంది? జక్కయ్య గారబ్బాయి, సంజీవరావు గారు, ఇప్పుడు అధ్యక్షుడు. ఆయన ఊఁ అనాలి కదా. అన్నారు."

"వాళ్ళ నాన్నని నిండు సభలో అంత మాటన్న మనిషికి ఇమ్మని ఊరికే అనేశారా?"

"మంచి మనిషమ్మా. పగలూ అవీ ఉన్న మనిషి కాదు."

"మాస్టారూ."

"ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు."

"ఏం చెప్పారు?"

"ఉన్నదే చెప్పాను. మంచంలోనే ఉంటున్నారు, చక్రాల కుర్చీలో తీసుకురావచ్చు అన్నాను."

"ఇంకేమడిగారు?"

"ఇంకేమీ... వేదిక మీద మైకు ఇస్తే మాట్లాడగలరా అన్నారు."

"మీరేమన్నారు?"

"మాట పడిపోయిందన్నాను. ఉన్నమాటేగా."

"అప్పుడు ఊఁ అన్నారు."

"ఆ రెంటినీ అలా కలపకు."

"ఎలా కలపమంటారు?"

"నీకు కోపమొస్తోంది. నీ వయసులో నాకూ వచ్చేది. ఇలా చూడు. సభ పావుగంట పని. కుర్చీ వేదిక మీదికి మనవాళ్ళు ఎత్తి పెడతారు. శాలువా, జ్ఞాపిక. ఆయన తరఫున నువ్వొచ్చి నాలుగు మాటలు మాట్లాడతావు. కృతజ్ఞతగా. దాంట్లోనే ఒక్క ముక్క..."

"ఏ ముక్క?"

"ఆ రోజు ఆవేశంలో అన్నమాటకి నాన్నగారు తర్వాత చాలా బాధపడ్డారని. ఒక్క ముక్క. సంజీవరావు గారు అడగలేదు సుమా. నేనే, బాగుంటుందని."

"బాధపడ్డారని మీతో చెప్పారా?"

"చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆయన కాదనలేరు కదా."

"కాదనలేరనా?"

"అంటే, నా ఉద్దేశం అది కాదు."

"అర్థమైంది మాస్టారూ. మీ ఉద్దేశం అదే."

"సనోబర్, నా మాట విను. ఆ నవల నేను చదివాను. రెండుసార్లు. మంచిది. అప్పుడూ మంచిదే."

"అప్పుడు చెప్పలేదే?"

"అప్పుడు చెప్పినవాడికి సమితిలో చోటుండేది కాదు. ఇప్పుడేమైంది, పుస్తకం ఎక్కడా దొరకదు. వేసిన ప్రెస్సే మూసేశారు. ఈ ఏడు ఇది రాకపోతే ఇంకో పదేళ్ళకి మహమ్మద్ అనే ఒకాయన రాశాడని చెప్పే దిక్కుండదు. పురస్కారాల పట్టికలో పేరుంటే ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు వెతుక్కుంటాడు. నా చేతిలో ఉన్నది అంతేనమ్మా. నేను పోరాడే తెచ్చాను దీన్ని."

"మాట రాదని చెప్పి తెచ్చారు."

"ఎలాగో ఒకలా తెచ్చాను."

"మా నాన్నకి ఈ శాలువాలు ఏనాడూ గిట్టలేదు. పేపర్లో సన్మానాల ఫోటోలు వస్తే చూసి నవ్వేవారు. రాసినవాడికి రాసిందే మిగలాలనేవారు. అలాంటి మనిషిని మూటలా ఎత్తి తీసుకెళ్ళి, ఆయన అనని మాట ఆయన పక్కనే నిలబడి నేను చెప్పి, దానికి బదులుగా కప్పిన శాలువా... వద్దని తీసి ఇవ్వాలన్నా ఆయన కుడిచెయ్యి లేవదు."

"ఆ ఒక్క ముక్క వద్దులే అయితే. ఊరికే నమస్కారం పెట్టి దిగిపో."

"ఆ ముక్క లేకపోతే సంజీవరావు గారు ఒప్పుకుంటారా?"

"నేనే అన్నానని చెప్పాను కదమ్మా. అంటే... ఆయన దగ్గర కూడా అదే అన్నాను. అలా చెప్పిస్తానని."

"అయితే వద్దు."

"తొందరపడకు. రెండు రోజులు ఆలోచించుకో."

"రెండు రోజులు అక్కర్లేదు. మా ఇంట్లోవాళ్ళెవరూ దానికోసం కాచుకుని కూర్చోలేదు."

"సరే. వద్దన్నారని చెప్తాను వాళ్ళతో."

"నాన్నే వద్దన్నారని చెప్పండి. మాట రాకపోయినా అన్నారని చెప్పండి."

"నా చెప్పులు..."

"గుమ్మం పక్కనున్నాయి."

"ఉండండి అన్నయ్యగారూ, ఒక్క నిమిషం. సనోబర్, ఇలా చూడు."

"అమ్మీ, అయిపోయింది. నేను చెప్పేశాను."

"నువ్వు చెప్పావు. ఆయన్నడిగావా?"

"అడిగేదేముంది? నాన్న సంగతి నాకు తెలీదా?"

"నాకూ తెలుసనే అనుకున్నాను. ఇంతసేపూ ఆయన పక్కనే కూర్చున్నాను. తలుపు తీసే ఉంది."

"వింటున్నారా?"

"మాట పోయింది గానీ చెవులు పోలేదు కదా. మొదట్నుంచీ విన్నారు."

"మైకు సంగతి కూడా?"

"ఊఁ."

"నన్ను చెప్పమన్న ఆ మాట?"

"అదీ విన్నారు. నేను తలుపెయ్యబోతే చెంగు పట్టుకుని ఆపేశారు. గంజి పట్టబోతే మొహం పక్కకి తిప్పుకున్నారు."

"చూశారా మాస్టారూ. ఆయన మనసు అదీ. ఎంత మంట పుట్టిందో ఇప్పుడైనా తెలిసిందా మీకు?"

"మంట కాదు బేటీ. నువ్వు వద్దన్నప్పట్నుంచీ ఏడుస్తున్నారు."

"అమ్మీ..."

"నువ్వు కాస్త ఊరుకో. అన్నయ్యగారూ, ఆ ఎడం చెయ్యి గోడ మీది క్యాలెండర్ వైపు చాపి ఉంచారు, దించమన్నా దించడం లేదు. సభ ఏ తారీఖునో లోపలికొచ్చి ఆయనతో చెప్పి వెళ్ళండి."