కదలని ముల్లు

బట్టల మిల్లు బాయిలర్ గదిలో మామయ్యకు క్యారేజీ తెచ్చి, మేనకోడలు పీడనం చూపే మీటరు ముందు నిలబడింది.

"లోపల కోటానుకోట్ల ఆవిరి కణాలు గోడల్ని గుద్దుతుంటాయి మామయ్యా. ఆ ముల్లుని నెట్టేది అవే."

"ముప్పై ఏళ్లుగా ముల్లునే నమ్ముకున్నా. నీ కణాల్ని ఎవడు చూశాడు?"

"మంట పెంచి చూడు. అవి ఇంకా గట్టిగా గుద్దుతాయి, ముల్లు లేస్తుంది."

"ఇందాకే పెంచా. అయినా నా బంగారుతల్లి, ఈ ముల్లు, పొద్దుట్నుంచి ఏడు మీదే ఉంది, ఇసుమంతైనా కదల్లేదు."

ఆమె మీటరు అద్దాన్ని వేలితో గట్టిగా తట్టింది. ముల్లు అలాగే ఉంది.

"మామయ్యా, మంట ఆపెయ్."

"ఎందుకే? ఏడేగా?"

"ఏడన్నది ఇరుక్కుపోయిన ముల్లు. లోపల ఎంతుందో కణాలకే తెలుసు."

బాయిలర్ గోడ టక్కుమంది. మంట ఆపి, ఆయన మొదటిసారి ముల్లుని కాక గోడని చూశాడు.

"క్యారేజీ వదిలెయ్ తల్లీ. మగ్గాల దగ్గర వందమంది ఉన్నారు, బయటికి పొమ్మని చెప్పు, పరిగెత్తు."