ఊడని కుట్టు

ఏమిటే ఆ గలగల? పిల్లిపిల్లకి గంట కట్టావా? ఇలా తీసుకురా, చూడనీ. అబ్బో, ఎర్ర పట్టీ! కొట్లో కొన్నావు కదూ? మీ తాతయ్య ఉండుంటే ముందు ఆ కుట్టు చూసి మొహం చిట్లించేవారు. కూర్చో. దాన్ని అప్పుడే బయటికి వదలకు, నేను చెప్పేది చెవిన పెట్టు.

నీకేం తెలుసు ఆయన సంగతి, నువ్వు పుట్టకముందే పోయారాయె. ఈ ముందు గదే ఆయన దుకాణం. కిటికీ దగ్గర మిషను, గోడవారగా కత్తిరింపు బల్ల, దాని కింద పేలికల గుట్ట. ఆ గుట్టలోనే పడుకునేది కండె. కండె అంటే పిల్లేలే. దారం కండె దొరికితే చాలు, వీధి దాకా దొర్లించుకుపోయేది. ఏం చెబుతున్నానూ... ఆఁ, ఆయన పౌరుషం. ఎవరైనా చొక్కా పట్టుకొచ్చి "మాస్టారూ, ఇక్కడ కుట్టు వదిలింది" అన్నారా, అయిపోయారే! "బట్ట చిరగాలే కానీ నా కుట్టు ఊడదయ్యా. ఇది నా చేతిది కాదు, పట్టుకుపో" అని మొహాన విసిరేవారు. నిజంగానే ఆయన చేతిది కాదు కూడాను. సరే, ఓ రోజు వెనకింటి పావురాలావిడ వచ్చింది. ఆవిడా, నడుం మీద ఆ చేతులూ! "మీ పిల్లి మా పావురాన్ని పీకి పెట్టింది. ఇంకోసారి మా మేడెక్కిందా, పాలల్లో మందు కలిపి పెడతాను. తర్వాత నన్నని లాభం లేదు" అంది. ఇంట్లో ఉంచి తలుపేద్దామండీ అన్నాను నేను. నా మాట వింటేగా! "తిరిగే ప్రాణాన్ని మూసిపెడతామా? గంట కడదాం. పావురాలు ముందే ఎగిరిపోతాయి, ఆవిడ నోరూ మూతపడుతుంది" అన్నారు. సంచి పట్టీ ముక్క తీసి, రెండు పేటల దారంతో, నడిచిన దారినే మళ్ళీ మళ్ళీ మిషను నడిపి కుట్టారు. వచ్చినవాడల్లా దాన్ని లాగి చూడాల్సిందే. "లాగవయ్యా, తిన్నది ఏమైంది, గట్టిగా లాగు!" ఊడితేనా.

ఆ మధ్యాహ్నం ఆయన బడిపిల్లల నిక్కర్లు కుడుతున్నారు. నేను పక్కన బొత్తాలు కుడుతున్నాను. వెనకనుంచి గంట మోగింది. ఒకటే మోత. "విన్నావుటే మన కండె హడావిడి? పావురాలకి కబురెళ్ళింది" అని నవ్వారు. కాలు మిషను మీదనుంచి తియ్యలేదు. నేనూ నవ్వాను. కాసేపటికి ఆగింది. పడుకుందిలే అనుకున్నాం. అంతలో పావురాలావిడ గుమ్మంలోకొచ్చి నిలబడింది. నడుం మీద చేతుల్లేవు. "మాస్టారూ, కత్తెర పట్టుకుని ఒక్కసారి రండి" అంది. వాళ్ళ గోడమీద ఇనప ముళ్ళు లేవూ, కండె దూకబోతే పట్టీ వాటికి తగులుకుని వేలాడిపోయింది. అప్పటికే ప్రాణం పోయింది. "లాగానండీ, ఎంత లాగినా ఊడలేదండీ" అని ఏడ్చింది ఆవిడ, వేళ్ళన్నీ గీసుకుపోయి. ఏడిస్తే? మందు పెడతానన్న నోరు కాదూ అది? ఆవిడ బతికున్నన్నాళ్ళూ నేను పలకరించలేదు. ఆయన మాత్రం ఆవిడని ఒక్క మాటనలేదు. తన కుట్టు తనే కత్తిరించి, కండెని చేతుల్లో పెట్టుకుని వచ్చారు.

తర్వాత చాన్నాళ్ళకి బూడిదరంగు పిల్లి ఒకటి తనంతట తనే వచ్చి పేలికల్లో చేరింది. దానికీ పట్టీ కుట్టారు. గంట లేదు, ఇల్లున్న పిల్లి అని తెలియడానికే. ఎలా కుట్టారనుకున్నావు? ఒంటి దారం, కచ్చా కుట్టు. కొమ్మ తగిలితే ఊడిపోయేది. అది బోసి మెడతో ఇంటికొస్తే చాలు, ఆయన మొహం చూడాలి! "ఊడిందే, ఊడిందే" అని నన్ను కేకేసి మరీ చూపించేవారు. వెంటనే కూర్చుని ఇంకోటి కుట్టేవారు. "ఏం మాస్టారూ, మీ కుట్టు కూడా ఊడుతోందే" అని ఎకసెక్కాలాడేవాళ్ళు. చొక్కాలు విసిరిన మనిషి, తలొంచుకుని సూదిలో దారం ఎక్కించుకునేవారు, అంతే.

ఏదీ, పట్టీ దాని మెడలోంచి తీసి పట్టుకో. లాగు. ఇంకా లాగు. చూశావా, రావట్లేదు. ఆ కత్తెర అందుకో. సూదిలో దారం నువ్వే ఎక్కించు, నాకు ఆనదు. ఒంటి పేటే. గంట... అది తీసి అవతల పారెయ్యి. ఇంట్లో ఉంచకు.

పొయ్యి మీద పాలు పెట్టావా? చూడు, పొంగుతాయి.