సుభానీని పొమ్మన్న రోజు

గద్వాలలో సెప్టెంబరు పదిహేడు ఉదయం. తొంభై నాలుగేళ్ల ముసలామెను జెండా వందనానికి తీసుకుపోవడానికి తమ్ముడి మనవరాలు వచ్చింది.

"లే అవ్వా. ఏటి ఒడ్డు చౌకీల నైజాం పోలీసులు ఎప్పుడుంటరో ఏటి అవతలుండి నైజాం మీద కొట్లాడిన కాంగ్రెస్ క్యాంపోళ్లకు చెప్పింది నువ్వే గద. ఇయాల నీకు సన్మానం జేస్తరంట."

"చెప్పిన. దాడి జేసిన్రు. నలుగురు పోలీసులు సచ్చిన్రు. అండ్ల సుభానీ ఒకడు. మేం పెండ్లి జేసుకుందమనుకున్నం."

"ఆయన ఆడ ఉంటడని నీకు తెల్వదా?"

"తెలుసు. ఆ పొద్దుగాల నా దగ్గరికి వచ్చిండు. 'నైజాం పని అయిపోయింది, డ్యూటీకి పోను, మనం ఎటన్న పోదం' అన్నడు."

"మరి నువ్వు?"

"ఆయన పోకుంటే చౌకీల అనుమానపడ్తరు. దాడికొచ్చే మనోళ్లు సస్తరు. 'ఇయాలొక్కనాడు పోయిరా, రేపు పోదం' అన్న."

"పోయిండా?"

"నా మాట ఎన్నడు కాదనలే."

మనవరాలు ఆమె పక్కన కూర్చుంది.

"నాలుగు దినాలకే నైజాం లొంగిపోయిండు. ఊరంత జెండాలు పట్టుకొని తిరిగిన్రు. ఏడిస్తే ఎందుకని అడుగుతరని, నేను గూడ నవ్వుకుంట తిరిగిన. ఇంక చాతగాదు బిడ్డా. రానని చెప్పు."