దేవరాజు వదిలిన దిమ్మె

2007 ఆగస్టు 14, గద్వాల. మేజిస్ట్రేట్ గారి ఎదుట.

నా పేరు జమ్ములమ్మ. భర్త దేవరాజు. ఆ పేరు ముందు ‘చనిపోయిన’ అని గుమస్తా రాస్తున్నాడు, రాయనివ్వండి. వయసు ముప్పై ఉంటుంది. ఊరు వడ్డేపల్లి, మట్టిపని చేస్తాను. జైల్లో ఉన్న గుంపు మేస్త్రీ పెంటయ్య నాకు సొంత అన్న. జామీను నిలబడే మనిషి దొరకలేదు. మా ఆయన చావుకు మా అన్నే కారణమని కేసు పెట్టారు. అది అబద్ధం. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

జనవరిలో మా గుంపు కోస్తాకు పోయింది. అక్కడ సముద్రం అడుగున తవ్వితే నూనె పడింది. చిన్న బావులట, నాలుగైదేళ్లకే అడుగంటుతాయట. అందుకని వానలకు ముందే నూనె ఒడ్డుకు రావాలని కంపెనీ వాళ్లకు ఒకటే తొందర. సముద్రంలోంచి వచ్చే పైపు ఇసుక కింది నుంచి ట్యాంకుల దాకా పోవాలి. ఆ కందకం తవ్వడం మా పని.

మా వైపు ఎర్రమట్టిలో గోడను నిలువుగా కోస్తే నిలువుగానే ఉంటుంది. లోతు కొలతకు నడుమ ఒక దిమ్మెను తవ్వకుండా వదిలేస్తాం; దాని ఎత్తు ఎంతో మేం తవ్విన లోతు అంత, కూలి లెక్కా దాన్ని బట్టే. కొలిచే సారు వచ్చి చూసేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. మా మామ అట్లే చేశాడు, ఆయన తండ్రీ అట్లే చేశాడు. ఇసుకలోనూ మేం అట్లే చేశాం. గోడలకు ఆనించడానికి బల్లలు కావాలని మా అన్న సూపర్‌వైజరును అడిగాడు. మళ్లీ అడిగాడు. వస్తాయన్నాడు. ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఫిబ్రవరి 9 మధ్యాహ్నం గోడ నెర్రె విచ్చింది. అన్న అందరినీ పైకి ఎక్కించాడు. మా ఆయనతో నా ఎదుటే అన్నాడు: “బావా, బల్లలొచ్చేదాంక దిగకు.” మా ఆయన వినలేదు. దిమ్మె ఎండకు రాలుతోందని, సారు వచ్చేలోపు నీళ్లు చల్లాలని మళ్లీ దిగాడు.

“దిమ్మె పడిపోతే మనం తవ్వలేదంటరు, జమ్ములూ,” అన్నాడు.

బిందె నేనే అందించాను. దిమ్మెను తడిపాడు. బిడ్డ వీపు నిమిరినట్టు చేత్తో నిమిరాడు కూడా. అప్పుడే గోడ కూలింది.

పార పెడితే ఎక్కడ తగులుతుందోనని మా అన్న చేతులతోనే తవ్వాడు. గోళ్లు ఊడాయి. పోలీసులు ఆ చేతులకే బేడీలు వేశారు.

అంత ఇసుక కూలినా దిమ్మె పడలేదు. మా ఆయన కోసం తవ్విన చోట అది అడుగుదాకా బయటపడి ఉంది. సాయంత్రం సారు వచ్చాడు. శవం ఇంకా గట్టు మీదే ఉంది. సారు టేపు వదిలి దిమ్మెను కొలుచుకున్నాడు. లోతు సరిపోయిందన్నాడు.

ఇప్పుడు అక్కడ నూనె పారుతోందట. పారనివ్వండి. మా అన్నను వదలండి.

ఇది ఎవరూ నేర్పి చెప్పించింది కాదు. చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. మా అన్న పేరు పక్కన ‘ముద్దాయి’ అని ఉంది. అది మాత్రం నా మాట కాదు.

(జమ్ములమ్మ ఎడమచేతి వేలిముద్ర)