రెండింతల వేగం

కంప్యూటర్ తెర మీది యుద్ధంలో, డాన్యూబ్ ఒడ్డున, హూణుల కోటకెదురుగా ఇద్దరు రోమన్ సైనికులు నిలబడి ఉన్నారు. చిన్నవాడి భుజంలో బాణం దిగింది. ఇలా దెబ్బ తగిలినప్పుడల్లా ఆట ఆడే మనిషి వాణ్ణి వెనక్కి పిలిచి, మఠంలో వైద్యానికి పంపేవాడు. ఈసారి ఆ పిలుపు రాలేదు.

"అన్నా, ఇందాక బాకా ఎందుకు మోగింది?"

"శిక్షణశాలకి ఏదో అప్‌గ్రేడ్ కొన్నాడ్రా. ఇకమీద మనలాంటోళ్ళు రెండింతల వేగంగా తయారవుతారు."

"మంచిదేగా! తోడొస్తారు."

"ఆఁ, మంచిదే."

"మరి నీ మొహమేంటి అలా పాలిపోయింది?"

"ఇన్నాళ్ళూ నిన్ను వెనక్కి ఎందుకు పిలిచేవాడనుకున్నావురా?"

"నేనంటే ఇష్టం కాబట్టి."

"నీ బొంద. నువ్వు పోతే ఇంకొకణ్ణి తయారు చేయడానికి బోలెడు సేపు పట్టేది కాబట్టి."

చిన్నవాడు తల తిప్పాడు. దూరంగా శిక్షణశాల తలుపు తెరుచుకుంది. అచ్చం తన మొహమే ఉన్నవాడొకడు బయటికొచ్చాడు. వాడి వెనకే ఇంకొకడు.

"ఊరికే భయపెట్టకన్నా. మనకి సాయంగానే వస్తున్నారు వాళ్ళు. కొత్తవాళ్ళు వచ్చి నిలబడాల్సిన చోట జెండా పాతుతాడుగా, ఎక్కడ పాతాడో చూడు."

"నా వల్ల కాదు. నువ్వే చూడు."

చిన్నవాడు వెనక్కి చూశాడు. పక్కలకి చూశాడు. జెండా ఎక్కడా కనపడలేదు. చివరికి తల వంచి కిందకి చూశాడు.

"అన్నా... సరిగ్గా నేను నిలబడ్డ చోటే పాతాడు."