గీత పడని రివాల్వర్

అమెరికాలోని మొంటానాలో ఓ వంటింటి బల్ల మీద పదకొండు స్టీలు మాగ్నమ్ రివాల్వర్లు పరిచి ఉన్నాయి. కొనడానికి వచ్చినాయన చేతులకు నూలు తొడుగులు వేసుకున్నాడు. ఎదురుగా, అమ్ముతున్న ముసలామె.

“అమ్మా, ఆగండి! ఆ గుళ్లు పెట్టే సిలిండర్ తిప్పకండి.”

“ఏం, పేలుతుందా?”

“పేలదు. తిప్పితే చుట్టూ గీత పడుతుంది. గీత పడ్డదాన్ని మాలాంటి సేకరించేవాళ్లం ముట్టుకోం.”

“పోయిన మా ఆయన ఓర్విల్‌దీ ఇదే పాట. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదయ్యా, పదకొండెందుకు?”

“ఒక్కలాగా? దీని గొట్టం నాలుగంగుళాలు, దానిది ఆరు. దీని పిడి కర్ర, దానిది రబ్బరు. ఒక్కటైనా పేల్చారా?”

“ముప్పయ్యేళ్లలో ఒక్క చప్పుడు వినలేదు. ఆమధ్య ఎలుగుబంటి వరండాలోకొచ్చినప్పుడూ అంతే.”

“చేతిలో ఏమీ లేదా?”

“ఎందుకు లేదూ? ఈ పొడుగుదాన్నే తుడుస్తున్నాడు. గుళ్లూ పక్కనే ఉన్నాయి. దీన్ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, నా పెనం పట్టుకుని వెళ్లాడు.”

“అయితే దీని సిలిండర్ తిరగలేదన్నమాట.”

“లేదు. గీతలన్నీ ఆయన వీపు మీదే పడ్డాయి. ఇరవై మూడు కుట్లు.”

అతను రివాల్వర్‌ను కిటికీ వెలుగులో పెట్టి చూశాడు.

“ఆయన మంచి పని చేశారమ్మా.”

“ఆస్పత్రిలో కళ్లు తెరవగానే ఆయనా అదే అన్నాడు.”