శంకర్‌పల్లిల ఎవ్వరు అడగరు

కూసో రాజమణక్కా. నువ్వు నిలవడి మాట్లాడుతే నాకు సగం మాటలు జారిపోతయి. నల్ల కాడికెళ్లి సీదా ఇటే వచ్చినట్టున్నవ్. కొంగు గూడ పిండుకోలే.

విన్న. కిటికీల నుంచి అంతా విన్న. పదిమంది ఆడోళ్ల ముందట నా కోడల్ని నిలవెట్టి అడిగినవు గదా, ముసల్దాన్ని ఎక్కడికి గుంజుకపోతున్నవని. నలభై ఏండ్లు హుస్సేనీ ఆలంల బతికిన మనిషిని శంకర్‌పల్లికి తీస్కపోయి గోడల నడుమ పడేస్తవా అని. నా మీద నీకు మస్తు ప్రేమ, కాదంటలేను. కని సుజన ఏమన్నది?

ఏమనలే. బిందె నింపుకొని వచ్చింది. పొయ్యి దిక్కు మొకం పెట్టి నిలవడ్డది. కండ్లల్ల నీళ్లు. ముందట ఉల్లిగడ్డ గూడ లేదు అక్కా, ఉల్లిగడ్డ అనుకుందామన్నా.

అందుకే చెప్తున్న. మళ్ల చెప్తనో చెప్పనో.

శంకర్‌పల్లి ఇల్లు సుజన అడగలే. నా కొడుకు కృపాకర్ అసలే అడగలే. వానికి కరెంటాఫీసు ఇక్కడికెళ్లి నడిచిపోయేటంత దూరం, అక్కడికెళ్లి అయితే బండి మీద గంటన్నర. నెల దినాలు నాతోని లొల్లి పెట్టుకున్నడు. అమ్మా, నీకేమైందే అని.

పట్టువట్టింది నేను. రెండు దినాలు అన్నం ముట్టలే. ఆఖరికి ఇద్దరు లోను కాగితాల మీద సంతకాలు పెట్టిన్రు. సోమవారం రిజిస్ట్రీ, అదే దినం సామాను బండెక్కుతది.

నవ్వకు. ఈ వయసుల నాకు బంగ్లా పిచ్చి ఏంది?

పోయిన నెల చూస్తందుకు పోయినం. పెద్ద గేటు. గేటు కాడ వాచ్‌మన్ ఇంటి నంబరు అడిగి రాసుకున్నడు. లోపల అన్నీ ఒక్కతీరు తెల్ల ఇండ్లు, ఇండ్ల ముందట గడ్డి, కార్లయితే మన వంటింటి కన్న పెద్దగున్నయి. ఒకామె బూట్లేసుకొని కుక్కను పట్టుకొని ఎదురొచ్చింది. నన్ను చూసి చిన్నగ నవ్వింది, పోయింది. అంతే. నువ్వు ఎవరింటి మనిషివి, మోకాలు ఎట్లున్నది, ఏం అడగలే. మా మనుమరాలు షారోన్‌కు మొకం చిన్నగైంది. నాయనమ్మా, ఇక్కడ మనతోని ఎవరు మాట్లాడరేమో అన్నది.

నాకైతే పానం నిమ్మళమైంది.

ఎందుకంటే ఏం చెప్పాలె? ఇక్కడ గల్లీ దాటాలంటే పదిమంది పలకరిస్తరు. ఒక్కొక్క మొకం చూసి లోపల దేవులాడుకోవాలె. వీళ్లెవరు, వీళ్ల అత్త ఉన్నదా పోయిందా. మొన్న లాడ్ బజార్ మలుపు కాడ ఒకామెను మీ ఆయన బాగున్నడా అని అడిగిన. ఆమె నా దిక్కు అట్లనే చూసింది. ఆయన సమాధి కాడ వాక్యం చదివింది నేనేనంట.

నువ్వేమో అందరికి చెప్తవు, ఆగమ్మ బడికి పోకున్నా పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్సిందని. బస్తీ మొత్తం ఆగమ్మ తలకాయలనే ఉన్నదని. అందుకే నీ మనుమరాలి పెండ్లికి గూడ కార్డులు నా చేతికిచ్చినవు. ఈ గల్లీల ఏ పెండ్లైనా ఒక్క ఇల్లు ఇడువకుండ పిలిచి వచ్చేది నేనే గదా.

బాలకిషన్ ఇల్లు ఇడిసిన.

ఔ. నీ రాఖీ తమ్ముడు బాలకిషన్. పెండ్లి ముచ్చట నోటితోని వందసార్లు వినుంటడు, అయినా పిలుపు గడప దాటి రాకుంటే పోరు గదా మనోళ్లు. నువ్వు రాఖీ పట్టుకొని పోతే తలుపు తియ్యలే. ఆ సంగతి నువ్వు ఇక్కడనే, ఈ కుర్చీల కూసొని చెప్పుకుంట ఏడ్చినవు. పేర్లు రాసింది సుజన, ఆయన పేరు రాయలేదు అనుకున్నవు. పోస్టాఫీసుల నౌకరి చేసుకుంట ఒక్క కార్డు చేర్చలేకపాయె అని నల్ల కాడ అందరు నవ్విన్రు.

రాసింది అక్కా. గుండ్రటి అక్షరాలతోని సక్కగ రాసింది. నేను ఆ కార్డు పట్టుకొని గల్లీ చివర నిలవడి చదివిన. బా, ల, కి, షన్. అక్షరాలు తెలుస్తున్నయి. మనిషే తెలుస్తలేడు. ఎంతసేపు నిలవడ్డనో. ఎవరిని అడుగుత? బాలకిషన్ ఎవరని ఆగమ్మ అడుగుతదా? ఎదురుంగ ఉన్నది ఆయన తలుపే. నాకు తెల్వదు.

బైబిలుల పెట్టుకొని ఇంటికొచ్చిన. జర ఆగితే యాదికొస్తదనుకున్న. యాదికొచ్చే వరకు పెండ్లి దావత్ అయిపోయింది.

నువ్వొచ్చి అడిగినప్పుడు ఆయన కార్డే నాకు ఇయ్యలేదని చెప్పిన. సుజన నీకు చాయ్ పోస్తున్నది. చెయ్యి ఆగింది. నా మొకం చూసింది. నేను కప్పు దిక్కు చూసిన.

"రాసుడు మర్సిపోయిన పెద్దమ్మా, తప్పు నాదే" అన్నది.

ఇగ ఆ దినం సంది నాతోని ఆ ముచ్చట ఎత్తలే. ఒక్కసారి గూడ ఎత్తలే. కృపాకర్‌కు గూడ చెప్పలే. శంకర్‌పల్లి పోదామని నేనన్నప్పుడు ఎందుకని అడగని మనిషి ఆమె ఒక్కతే.

ఏంది అట్ల చూస్తున్నవ్? తిట్టు. తిడితే నాకు జర నయమైతది.

ఇగో కార్డు. పసుపు గూడ పోలే. తీస్కపోయి బాలకిషన్‌కు చూపెట్టు. ఆగమ్మకు యాదిమరుపు వచ్చింది, తప్పు ఆమెదే అని చెప్పు. ఆయన మనసు మంచిది, తలుపు తీస్తడు.

ఆగు. ఇప్పుడే లేవకు.

సోమవారం మా బండి గల్లీ దాటినంక పో. ఇంక నాలుగు దినాలే గదా. ఈ నాలుగు దినాలు నన్ను ఈ గల్లీల ఆగమ్మ లెక్కనే ఉండనియ్యి. నల్ల కాడ ఎవరికి ఏం చెప్పకు.

సుజననంటరా? అనేటోళ్లను అననియ్యి. ఇన్ని దినాలు పడ్డది. ఇంక నాలుగు దినాలు పడుతది.